రిపేరు చేయించి అమ్ముతున్న సముద్రం పక్క బంగళా, రంగు వెనక ఏముందో తెలుసుకునేదెలా?

గవ్వలబుట్ట:

అందరికీ నమస్కారం. ఇల్లు కొనడంలో నాకు అనుభవం సున్నా. ఇప్పుడున్న ఇల్లు మా మామగారు కట్టించింది. అరవయ్యేళ్లు దగ్గరపడుతుండగా మొదటిసారి ఇల్లు వెతుక్కుంటున్నాం, అదీ సముద్రం పక్కన.

ఒకే అంతస్తు, మూడు పక్కలా వరండా. అమ్మే ఆయన బంగళా అంటున్నాడు. మేడ లేనిది బంగళా ఎలా అవుతుందని నేను నవ్వితే, ఆ మాట పుట్టిందే బెంగాల్ వైపు వరండాతో కట్టుకునే ఒంటి అంతస్తు ఇళ్ల నుంచి అని మావారు నిఘంటువు తీసి చూపించారు. ఆయన మనసు పూర్తిగా పడిపోయింది. గేటు నుంచి తడి ఇసుక దాకా అడుగులు లెక్కపెట్టుకుని వచ్చారు, రెండు వందల పది. రోజూ పొద్దున్నే అంత దూరం నడిచి వస్తే చాలు, ఇంకేం అక్కర్లేదంటున్నారు.

కట్టి యాభై ఏళ్లు దాటిందట. మొత్తం బాగు చేయించి ఏడు నెలలైందట. అంటే రిపేరు తర్వాత ఆ ఇల్లు ఒక్క వానాకాలం కూడా చూడలేదు. కొత్త టైల్సు, కొత్త వంటగది, హాల్లోనూ రెండు పడగ్గదుల్లోనూ ఫాల్స్ సీలింగ్, వరండాకి స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగ్. గోడలన్నీ మల్లెపూవులా తెల్లగా ఉన్నాయి.

మొదటిసారి నేనూ సముద్రాన్నే చూశాను. రెండోసారి ఇంటిని చూశాను. వెనక పడగ్గదిలో రంగు వాసన కింద ఇంకో వాసన ఉంది, ఆరని దుప్పటి మడతపెట్టి బీరువాలో పెడితే వచ్చే వాసన. అదే గదిలో గోడ కింది భాగాన, మోకాలి ఎత్తులో, రంగు చిన్న చిన్న బుడగల్లా లేచింది. గోటితో గీరితే తెల్లటి పొడి. ఎవరూ చూడకుండా నాలుక కొసన పెట్టుకున్నాను. ఉప్పు! వంటగది కిటికీ మీది సన్‌షేడుకి అడుగున అంచు వెంట తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు సన్నటి బీట, దాని పక్కన గోధుమరంగు చార. ఏడు నెలల రెయిలింగ్ మీద టీ చుక్కలు పడ్డట్టు మరకలు. పెరట్లో బావి ఉంది, నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయి.

ఇవన్నీ చెబితే అమ్మే ఆయన "సముద్రం పక్కన ఇంతే కదమ్మా" అన్నాడు. మావారు కూడా అదే అన్నారు, ఇంకాస్త విసుగ్గా. బ్రోకరు రోజూ ఫోన్ చేసి వేరే పార్టీ అడ్వాన్సు పట్టుకుని తిరుగుతోందంటున్నాడు. ఆ టెన్షన్‌కి నాకు నిద్ర పట్టడం లేదు.

నిజంగా సముద్రం పక్కన ఇంతేనా? ఇందులో ఏది మామూలు, ఏది భయపడాల్సింది? అడ్వాన్సు ఇచ్చేలోపు ఏం చూడాలి? ఇల్లు బాగాలేదని నిరూపించాలని నాకేం లేదు. నాకూ ఆ వరండా నచ్చింది.


పిట్టగోడ:

గోడని నాలుకతో రుచి చూశారంటే సగం పరీక్ష మీరే చేసేశారు మేడమ్. 😀

మిగతా సగం ఫాల్స్ సీలింగ్ పైన ఉంది. యాభై ఏళ్ల ఇంటికి, అదీ హాలుకీ పడగ్గదులకీ మాత్రమే సీలింగ్ ఎందుకు వేయించారో ముందు అడగండి. అందం కోసం అంటారు. అయితే ఒక్క పలక తీసి చూపించమనండి. ఆయన మొహం ఎలా మారుతుందో చూస్తే చాలా తెలుస్తుంది.

వేరే పార్టీ అడ్వాన్సు పట్టుకుని తిరుగుతోందన్న మాట మాత్రం ప్రతి బ్రోకరూ చెప్పేదే. ఆ పార్టీని ఇంతవరకు కళ్లతో చూసినవాళ్లు లేరు.


సైటు మీద మనిషి:

అమ్మా, ముప్పయ్యేళ్లకు పైగా సైట్ల మీద నిలబడి ఈ మధ్యే ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. మీరు చెప్పినవాటిలో నేను ఆగిపోయింది వాసన దగ్గరా కాదు, బావి దగ్గరా కాదు. ఆ సన్‌షేడు బీట దగ్గర.

ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చే బీటలు సాలెగూడులా ఎటుపడితే అటు పోతాయి. వాటికి పెద్దగా భయపడక్కర్లేదు. స్కేలు పెట్టి గీసినట్టు పోయిందంటే మాత్రం దాని వెనకాల కాంక్రీటులో వేసిన ఇనుప ఊచ ఉందనే అనుకోవాలి. ఊచ ఎటు పోతే బీట అటు. పక్కన గోధుమరంగు చార కూడా ఉందంటే లోపల తుప్పు మొదలై చాలా కాలమైనట్టు.

కాంక్రీటులో ఉన్న ఇనుము మామూలుగా తుప్పు పట్టదు. సిమెంటుకి క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12, 13 దాకా ఉంటుంది. ఆ గుణం ఊచ మీద కంటికి కనపడని పలచని పొరని నిలబెడుతుంది. పొర ఉన్నన్నాళ్లు ఊచ పదిలం. దాన్ని చెడగొట్టేవి ముఖ్యంగా రెండు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి పాకుతూ పీహెచ్‌ని 9 కిందికి దించేస్తుంది. సముద్రపు గాలితో వచ్చే ఉప్పులోని క్లోరైడు అయితే అంతసేపు ఆగదు, పీహెచ్ ఎంతున్నా సరే ఆ పొరకి అక్కడక్కడా చిల్లులు పొడుస్తుంది. మీ ఇంటికి వయసూ ఉంది, సముద్రమూ ఉంది. తుప్పు పట్టిన ఇనుముకి మొదటి ఇనుము కంటే రెండు నుంచి ఆరింతల చోటు కావాలి. అది కాంక్రీటుని తోసుకునే చోటు చేసుకుంటుంది. మొదట బీట, ఆ తర్వాత పెచ్చు, ఒకరోజు ఆ పెచ్చు నేల మీద.

ఇప్పుడు రిపేరు సంగతి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది, కుర్రతనంలో నేనూ ఇలాంటి పనులు చేయించాను. పెచ్చు ఊడినచోట సుత్తితో రెండు దెబ్బలు వేసి, ఊచని వైరు బ్రష్‌తో పైపైన రుద్ది, సిమెంటు అంటించి, పైన పుట్టీ, రంగు. ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. మూడేళ్లు తిరక్కుండా ఆ అతుకు చుట్టూ కొత్త పెచ్చులు లేచాయి. పని సరిగ్గా చేయలేదని మేస్త్రిని తిట్టాను. నిజానికి తప్పు పద్ధతిలోనే ఉంది. కొత్త సిమెంటులో ఉన్న ఊచ భాగం, పక్కనే ఉప్పు పట్టిన పాత కాంక్రీటులో ఉన్న భాగం, ఈ రెండూ బ్యాటరీకి రెండు కొసల్లా పనిచేస్తాయి. అతుకులో ఉన్నది పదిలంగా ఉంటుంది, దాని పక్కనున్నది ఇంతకు ముందుకంటే వేగంగా తినేయబడుతుంది. అందుకే సరైన రిపేరులో ఊచ వెనక కూడా రెండు సెంటీమీటర్లకు పైగా చెక్కి, ఉప్పు పట్టిన కాంక్రీటంతా తీసేసి, ఊచ తెల్లబడేదాకా తుప్పు వదిలించి, బాగా సన్నబడినచోట కొత్త ఊచ కట్టి అప్పుడు నింపాలి. ఇది దుమ్మూ ధూళితో కూడిన ఖరీదైన పని. అమ్మడానికి చేయించేవాళ్లలో ఇంత ఓపిక ఎవరికో గానీ ఉండదు.

మీరు చేయగలిగింది చెబుతాను. చిన్న సుత్తి ఒకటి తీసుకెళ్లండి. సన్‌షేడులు, వరండా స్తంభాలు, దూలాల అడుగులు, పిట్టగోడ, ఇలా చెయ్యి అందినచోటల్లా నెమ్మదిగా తట్టండి. గట్టి కాంక్రీటు కంగుమంటుంది. లోపల పెచ్చు విడిపోయి ఉంటే కుండ మీద తట్టినట్టు డొల్లగా మోగుతుంది. చెవికి ఆ తేడా తెలియడానికి పది నిమిషాలు చాలు, డిగ్రీ అక్కర్లేదు.

ఆ తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. మనిషిని మీరే వెతుక్కోండి, అమ్మే ఆయన చూపించినవాళ్లు వద్దు. ఆయన ఒకటి రెండు చోట్ల కాంక్రీటుని కాస్త చెక్కి ఫినాఫ్తలీన్ చల్లుతారు. క్షారం మిగిలున్నచోట గులాబీ రంగు వస్తుంది, పోయినచోట రంగే రాదు. రంగు రాని భాగం ఎంత లోతు ఉంది, ఊచ ఎంత లోతులో ఉంది, ఈ రెండు కొలతలూ పక్కపక్కన పెట్టుకుంటే విషయం తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త, గులాబీ రంగు వచ్చిందని సంబరపడకండి. ఆ మందుకి ఉప్పు సంగతి తెలియదు. ఉప్పు కోసం వేర్వేరు లోతుల్లో డ్రిల్లు వేసి, ఆ పొడిని ల్యాబులో చూపించాలి. హాఫ్‌సెల్ అని ఇంకో పరీక్ష ఉంది. ఊచకి వైరు కలిపి కాంక్రీటు మీద మీటరుతో కొలుస్తారు. రాగి సల్ఫేటు సెల్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే లోపల తుప్పు నడుస్తోందనడానికి 90 శాతానికి పైగా అవకాశం.

సన్‌షేడు ఒక్కటే అయితే దాన్ని కొట్టేసి కొత్తది వేసుకోవచ్చు. స్లాబు అంతా అలాగే ఉంటే మీరు కొనేది ఇల్లు కాదు, స్థలం. ధర ఆ లెక్కన మాట్లాడాలి.


బావిగట్టు:

పై సారు కాంక్రీటు సంగతి చెప్పారు, గోడల సంగతి నేను చెబుతాను. ఇలాంటి ఇల్లే తొమ్మిదేళ్ల కిందట కొని, ఒకే గోడకి మూడుసార్లు రంగు వేయించుకున్నవాణ్ణి.

మీరు చూసిన బుడగలు, తెల్లపొడి, అదే మా హాలు. మొదటిసారి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే పోతుందన్నారు. వేయించాం. ఏడాదికి ఆ పెయింటే ఇంత పెద్ద రేకులుగా ఊడొచ్చింది. రెండోసారి ఒక కాంట్రాక్టరు పాత ప్లాస్టరింగ్ తీసేసి సిమెంటుతో గట్టిగా చేయించాడు, పదేళ్లు గ్యారంటీ అన్నాడు. పదో నెలలో మోకాలి ఎత్తులో ఉన్న చెమ్మ నడుము దాకా ఎక్కింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మూడోసారి పాత ఇళ్లు బాగుచేసే ఒక ముసలి మేస్త్రి చూసి చెప్పేదాకా నాకు అర్థం కాలేదు. మా గోడలు సున్నంతో కట్టినవి. సున్నపు గోడ నేలలోంచి తడి పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. మేం దానికి సిమెంటు కోటు తొడిగి, పైన ప్లాస్టిక్ లాంటి పెయింటు పూసి ముక్కు మూసేశాం. తడి బయటికి దారిలేక పైకి ఎక్కింది. అది ఆరినచోట మోసుకొచ్చిన ఉప్పు స్ఫటికాలుగా పేరుకుని పూతని వెనకనుంచి నెట్టింది. మీ ఇల్లు దేంతో కట్టారో కనుక్కోండి. స్విచ్చుబోర్డు ఒకటి విప్పి చూస్తే గోడ లోపల ఏముందో తెలుస్తుంది. సున్నం అయితే గోటికి మెత్తగా, తెల్లగా రాలుతుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. చెమ్మకి దారి మూసేసినా గోడలో మిగిలిన ఉప్పు ఊరుకోదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోంచే నీళ్లు లాక్కుని కరిగిపోతుంది. వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే జరిగేది అదే. సముద్రం పక్కన రాత్రిళ్లు ఆ 75 దాటడం పెద్ద విషయం కాదు. మా గోడ ఎండాకాలం రాత్రి కూడా చెమటపట్టేది. చివరికి కింది ఒకటిన్నర మీటర్ల మేర సిమెంటు ప్లాస్టరింగ్ అంతా ఒలిచేసి, కొన్ని నెలలు ఇటుక బయటపెట్టి ఆరనిచ్చి, సున్నంతోనే మళ్లీ పూశాం. ఆ నెలలన్నీ మా ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. ఇప్పుడు బాగుంది.

ఊడిన ప్లాస్టరింగ్ ముక్క దొరికితే నలిపి చూడండి. గవ్వల పెంకు ముక్కలు కనిపిస్తే సముద్రపు ఇసుక వాడారేమోనని గట్టిగా అనుమానించాలి. కడగని సముద్రపు ఇసుకంటే ఉప్పుని చేత్తో తెచ్చి గోడలో కలిపినట్టే. రిపేరు పనికి ఏ నీళ్లు వాడారో కూడా అడగండి. ఆ బావి నీళ్లతోనే సిమెంటు కలిపి, ఆ నీళ్లతోనే తడిపి ఉంటే కొత్త పనిలోనూ ఉప్పు ఉన్నట్టే.

రెయిలింగ్ మరకలకి అంత భయపడకండి. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 అని ఒకటి, 316 అని ఒకటి దొరుకుతాయి. 316లో మాలిబ్డినం రెండు మూడు శాతం కలుపుతారు, ఉప్పుగాలికి బాగా తట్టుకుంటుంది. 304 టీ రంగులోకి తిరుగుతుంది. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, అయస్కాంతంతోనూ తేలదు. తరచూ మంచినీళ్లతో కడుగుతుంటే 304 అయినా చాలాకాలం వస్తుంది. కాకపోతే రెయిలింగ్‌లో ఎంత మిగుల్చుకున్నారో చూస్తే కనపడనిచోట ఎంత మిగుల్చుకున్నారో ఊహించుకోవచ్చు.


గవ్వలబుట్ట:

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మావారికి చదివి వినిపించాను. బ్యాటరీ సంగతి వచ్చేసరికి ఫోన్ లాక్కుని తనే చదువుకున్నారు.

స్విచ్చుబోర్డు సంగతి మంచి ఉపాయం. ఆ ఇంటికి వెళ్లే ముందు మా ఇంట్లోనే ఒకటి విప్పబోయారు, నేనే మెయిన్ ఆఫ్ చేయమని అరవాల్సి వచ్చింది.

అమ్మే ఆయనని రిపేరుకి ముందు తీసిన ఫొటోలు అడిగాను. లేవన్నాడు. తర్వాత ఆయన కొడుకు రెండు పంపాడు. ఒకదాంట్లో హాలు ఖాళీగా ఉంది, కప్పు ఒక మూల కనిపిస్తోంది, అక్కడ నల్లటి మచ్చ ఉంది. నీడో, పెచ్చు ఊడిన చోటో తేల్చుకోలేకపోయాను. మా ఇద్దరిలో ఒకరికి నీడలా కనిపిస్తోంది, ఒకరికి పెచ్చులా. ఎవరికి ఏదో మీకు చెప్పక్కర్లేదు.

బావి గురించీ, సముద్రం ముందుకు రావడం గురించీ ఎవరైనా చెప్పగలరా? రెండు వందల పది అడుగులు ఎప్పటికీ రెండు వందల పదేనా?


పోటు పాటు:

రెండు వందల పది మీవారు లెక్కపెట్టిన రోజుది. ఏ రోజు వెళ్లారు, పోటు మీదుందా పాటు మీదుందా? అమావాస్యకో పౌర్ణమికో, లేదా ఆ మర్నాడో ఇంకో రోజు తర్వాతో, పోటు బాగా ఎక్కే వేళకి మళ్లీ వెళ్లి లెక్కపెట్టమనండి. ఇసుక మీద చెత్త, నాచు, పుల్లలు ఒక వరసగా పేరుకుని ఉంటాయి. ఆ వరసలన్నిటిలో ఇంటికి దగ్గరగా ఉన్నది ఎక్కడుందో చూడాలి. గేటు మెట్టు దానికంటే ఎంత ఎత్తులో ఉందో కొలిపించండి. దూరం కంటే ఆ ఎత్తే ముఖ్యం. తుపాను రోజు నీళ్లు అడుగులు లెక్కపెట్టుకుంటూ రావు.

ఒడ్డు సంగతికి గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏడాదికొకటి చూడొచ్చు. ఆ ఇంటి పక్కన మారని గుర్తు ఏదైనా, రోడ్డు మలుపో పెద్ద కట్టడమో పట్టుకుని, దానికీ నీళ్లకీ మధ్య ఇసుక ఏడాదికేడాది పెరుగుతోందా తరుగుతోందా చూడండి. ఒక ఏడాది చూసి హడలిపోవద్దు. ఇసుక ఒక కాలంలో పోయి ఇంకో కాలంలో తిరిగొస్తుంది. నలభై ఏళ్ల వరసలో ఎటు జరుగుతోందో అదే లెక్క.

పక్కన ఎవరైనా రాళ్లగోడో, సముద్రంలోకి అడ్డుకట్టో కట్టారా? కట్టి ఉంటే జాగ్రత్త. ఇసుక ఒడ్డు వెంట నడుస్తూ ఉంటుంది. అడ్డుకట్టకి ఒక పక్క పేరుకుంటుంది, రెండో పక్కకి అందాల్సింది అందక ఒడ్డు కోసుకుపోతుంది. పక్కవాళ్ల గోడ వాళ్లని కాపాడుతూ మీ ఒడ్డుని తినొచ్చు. 1901 నుంచి 2018 దాకా ప్రపంచంలో సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. వినడానికి జానెడే. పల్లం ఒడ్డు మీద ఆ జానెడు చాలా దూరం లోపలికి వస్తుంది.

బావిది వేరే కథ. నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తుంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. తిరగేస్తే భయం వేస్తుంది. మోటారు పెట్టి తోడి మట్టాన్ని ఒక్క మీటరు దించితే, అడుగునున్న ఉప్పునీరు కాలక్రమేణా 40 మీటర్లు పైకి రావచ్చు. అందుకే అలాంటిచోట లోతుగా బోరు వేయిస్తే సమస్య తీరదు, ముదురుతుంది. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరుతో రెండుసార్లు చూడండి, మోటారు వేయకముందు ఒకసారి, రెండు గంటలు నడిపాక ఒకసారి. అంకె పైకి ఎగబాకితే ఆ బావిని కొద్దికొద్దిగా వాడుకోవాల్సిందే. అంకె కదలకపోతే, అది మొదటే మరీ ఎక్కువ లేకపోతే, మొక్కలకీ వాడకానికీ పర్వాలేదు, తాగడానికి వేరే దారి చూసుకోండి.

ఒడ్డు నుంచి ఎంత దూరంలో కట్టుకోవచ్చన్న నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఇల్లు పాతది కాబట్టి ఉండనివ్వొచ్చు. రేపు కూలితే అదే చోట మళ్లీ కట్టనిస్తారా? ఈ ముక్క రాతపూర్వకంగా తెలుసుకోండి. వరండాకి అనుమతి ఉందో, రిపేరు పేరుతో ముందుకి జరిపారో కూడా.


అలల ఇల్లు:

మీరంతా కలిసి ఆవిడని భయపెట్టి చంపేస్తున్నారు. ఇరవై రెండేళ్లుగా సముద్రం ఎదురుగా ఉంటున్నాం. తలుపు బందులు మారుస్తాం, ఏసీ బయటి యూనిట్ రేకులు తెల్లగా పొడిపొడి అయిపోతే అదీ మారుస్తాం, కిటికీ స్క్రూలు ఏడాదికోసారి చూసుకుంటాం. కారు ఉన్నవాళ్లు సర్వీసింగ్ చేయించరా? ఇంత పరీక్ష పెడితే ఎక్కడా ఏ ఇల్లూ పాసవదు. నచ్చితే కొనుక్కోండమ్మా.


సైటు మీద మనిషి:

అలల ఇల్లు గారూ, మీరు చెప్పింది నిజం. బందులు, స్క్రూలు, ఏసీలు ఖర్చులే తప్ప ప్రమాదాలు కావు. నేను మాట్లాడేది నెత్తి మీద ఉన్న స్లాబు గురించి. మీకు మీ స్లాబు సంగతి ఇరవై రెండేళ్లుగా తెలుసు. ఆవిడకి ఏడు నెలల రంగు తప్ప ఏమీ తెలియదు, తేడా అంతే. నేనూ కొనొద్దు అనలేదు, చూసి కొనమన్నాను.

అమ్మా, ఫొటోలో మచ్చ ఉన్న మూల ఎక్కడో గుర్తుపెట్టుకుని, ఫాల్స్ సీలింగ్ అక్కడే విప్పించండి. లైటు కోసం పెట్టిన రంధ్రంలోంచి ఫోన్ కెమెరా లోపలికి పెట్టినా కొంత కనిపిస్తుంది. మాస్కు వేసుకోండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి, పలక తీసేటప్పుడు సరిగ్గా దాని కింద నిలబడొద్దు.


గవ్వలబుట్ట:

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. నిన్న వెళ్లొచ్చాం. నేనూ, మావారూ, ఒక ఇంజనీరు కుర్రాడూ. మా అమ్మాయి వయసే ఉంటుంది గానీ నిదానం ఉంది.

ముందు మంచి కబురు. బావి నీళ్లు రెండు గంటలు మోటారు నడిపినా అంకె దాదాపు కదల్లేదు. 1984 నుంచి ఒడ్డు కాస్త ముందుకీ వెనక్కీ ఊగింది తప్ప తరిగిపోలేదు. దగ్గర్లో అడ్డుకట్టలు లేవు. పౌర్ణమి మర్నాటి పోటుకి లెక్కపెడితే రెండు వందల పది అడుగులు నూట ముప్ఫయ్యారు అయ్యాయి. మావారు రెండుసార్లు లెక్కపెట్టారు, పెద్ద అడుగులు వేస్తున్నారేమోనని నేను పక్కనే నడిచాను.

గోడలు సున్నంవే. బావిగట్టు గారు చెప్పినట్టే పైన సిమెంటు తొడిగారు. నలిపితే గవ్వ ముక్కలు కనపడలేదు.

ఇక హాలు. పలక విప్పడానికి అమ్మే ఆయన ఒప్పుకోలేదు, పాడైపోతుందన్నాడు. పాడైతే ఆ పలక ఖర్చు మాదే అని మావారు అన్నారు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆయన నా వైపు మాట్లాడిన సందర్భాలు నాకు గుర్తున్నాయి, ఇది వాటిలో చేరింది. విప్పారు. ఫొటోలో ఉన్నది నీడ కాదు. చేటంత మేర పెచ్చు ఊడి మూడు ఊచలు బయటికి కనిపిస్తున్నాయి. వాటికి సిమెంటు కూడా అంటించలేదు, నల్ల రంగు పూసి వదిలేశారు. ఒక ఊచని ఇంజనీరు స్క్రూడ్రైవర్‌తో గీకితే పొరలు పొరలుగా రాలింది. ఆ చుట్టుపక్కల తట్టితే డొల్ల. గది మధ్యకి వచ్చేసరికి మాత్రం కంగుమంది. పడగ్గదుల్లో ఒకచోట చెక్కి మందు చల్లితే పైన రెండు సెంటీమీటర్లు రంగు రాలేదు, లోపల గులాబీ. ఊచ సరిగ్గా ఆ గీత మీద ఉంది. ఇంకొన్నేళ్లు ఆగి ఉంటే గీత దాటిపోయేదన్నాడు ఆ అబ్బాయి. ఉప్పు కోసం మూడు చోట్ల పొడి తీసుకెళ్లాడు, ఫలితం వచ్చే వారం.

అమ్మే ఆయన కాసేపు కోప్పడ్డాడు. తర్వాత వరండా మెట్ల మీద కూర్చుని, నిజానికి రిపేరు కాంట్రాక్టరు తనకీ స్లాబు మొత్తం చూపించలేదని అన్నాడు. నమ్మానని చెప్పలేను, నమ్మలేదనీ చెప్పలేను. పొడి ఫలితం వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వం, హాలు స్లాబు ఒక మూల సరిగ్గా చేయించడానికి ఎంతవుతుందో ఇంజనీరు రాసిస్తాడు, అది ధరలోంచి తగ్గించాలి, గోడల సిమెంటు ఒలిచే ఖర్చు కూడా. ఇవీ మేం చెప్పినవి. ఆలోచించుకుంటానన్నాడు. బ్రోకరు మధ్యాహ్నం నుంచి ఫోన్ చేయలేదు. అడ్వాన్సు పట్టుకుని తిరుగుతున్న పార్టీ ఏమైందో మరి.

మా సుత్తి ఇంకా మావారి చేతిలోనే ఉంది. రాత్రి నుంచి మా సొంతింటి గోడలూ స్తంభాలూ అన్నీ తట్టి చెవి పెట్టి వింటున్నారు. వంటగది సన్‌షేడు దగ్గర డొల్లగా మోగింది. దాని గురించి వేరే ప్రశ్న పెడతాను.